పాంకో ఊడిపోతుంటే...

ప్రశ్న: ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాం. ఇంట్లో టొన్‌కాట్సు (పాంకో పట్టించి వేయించే పంది మాంసం ముక్క) చేస్తే పైపొర ఊడిపోతోంది, లోపల మాంసం ఉడకడం లేదు. ఎందుకని?

జవాబు: పొర ఊడటానికి మొదటి కారణం తడి. ముక్కను పేపర్ టవల్‌తో బాగా అద్దాకే మైదా పట్టించి, ఎక్కువైంది దులిపేయండి. తర్వాత గుడ్డు సొనలో ముంచి, పాంకో (జపనీస్ బ్రెడ్ పొడి) మీద పెట్టి అరచేత్తో మెల్లగా నొక్కండి. గట్టిగా అదిమితే కరకరలాడదు, బిరుసెక్కుతుంది. మీ సూపర్‌మార్కెట్లో ఎండబెట్టని పచ్చి పాంకో కూడా దొరుకుతుంది. నా ఓటు దానికే. మన రస్కు పొడి వద్దు.

రెండో కారణం చాలామంది పట్టించుకోరు. కొవ్వుకీ మాంసానికీ మధ్య ఉండే గట్టి తెల్లటి పొరకు నాలుగైదు గాట్లు పెట్టకపోతే, వేగేటప్పుడు ముక్క ముడుచుకుని వంకరపోతుంది. పాంకో విడిపోయేది ఆ వంపు దగ్గరే.

లోపల ఉడక్కపోవడం నూనె మరీ కాగడం వల్లే కావచ్చు. 170 డిగ్రీలు చాలు. 1.5 సెంటీమీటర్ల మందం ముక్కకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఒక్కోటే వేయండి, మొదట్లో కదపకండి. తీశాక ప్లేటులో పడేయకుండా జాలీ మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచితే లోపలి వేడికే మిగతాది ఉడుకుతుంది. థర్మామీటరు ఉంటే మధ్యలో 63 డిగ్రీలు చూపాలి.

ఈ వంటకం 1899లో మీ టోక్యోలోనే, గింజా ప్రాంతంలోని రెంగతెయ్ హోటల్లో మొదలైందని చెబుతారు. వీలైతే వెళ్లి తినండి. ఇంట్లో చేసినప్పుడు పక్కన పెట్టే క్యాబేజీని దారాల్లా తరిగి, చన్నీళ్లలో కాసేపు ఉంచి, నీళ్లు పూర్తిగా వార్చాకే వడ్డించండి.