సరవాత్ కనుమలలో సైకిలు దారులు

విద్యార్థులారా! పటం తెరచి, ఎర్రసముద్రపు తూర్పు తీరం వెంబడి ఉత్తరం నుండి దక్షిణానికి వేలితో ఒక గీత గీయండి. మీ వేలి పక్కనే, తీరానికి సమాంతరంగా, యెమెన్ దేశం దాకా సాగే పర్వతపంక్తి ఒకటి కనిపిస్తుంది. దాని పేరు సరవాత్. సౌదీ అరేబియా అంటే ఇసుక తప్ప మరేమీ లేదనుకొనే మన ఊరి చుట్టాలకు ఈ మాట చెప్పినా నమ్మరు. అయినా అబహా పట్టణం సముద్రమట్టానికి సుమారు 2,270 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తిరుమల కొండ ఎత్తు అందులో సగం కూడా లేదు. అబహాకు చేరువలో ఉన్న జబల్ సౌదా శిఖరం దాదాపు 3,000 మీటర్ల ఎత్తు గలది.

ఇటువంటి కొండలలో సైకిలు మీద యాత్ర చేసేవారు దారిని ఎట్లా ఎంచుకొంటారో ఈ పాఠంలో తెలుసుకొందాము. వారు మొదట అడిగే ప్రశ్న "ఎంత దూరం?" అన్నది కాదు. "ఎటువైపు నుండి ఎక్కాలి?" అన్నది.

సరవాత్ పర్వతాలకు రెండు వైపులా ఒకే తీరు లేదు. తూర్పున, అంటే రియాద్ వైపు, నేల మెల్లమెల్లగా వందల కిలోమీటర్ల మేర ఎత్తు పెరుగుతూ వస్తుంది. కారులో కూర్చున్నవారికి తాము కొండ ఎక్కుతున్నట్లు కూడా తెలియదు. పడమట అట్లా కాదు. అక్కడ కొండ గోడవలె తెగిపడి, తిహామా అనే తీరమైదానంలోకి దిగిపోతుంది. ఈ ప్రాంతాల పేర్లలోనే ఆ సంగతి దాగి ఉన్నది. హిజాజ్ అనే మాటకు అరబ్బీలో "అడ్డుగోడ" అని అర్థం. అసీర్ అంటే "కష్టమైనది" అని అర్థం చెబుతారు. గోడను ఎక్కి దిగే దారిని అరబ్బులు "అఖబా" అంటారు. మనము "కనుమ" అంటాము. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అన్న పేర్లు మీకు తెలిసినవే. జోర్డాన్ దేశపు రేవుపట్టణం అఖబాకు ఆ పేరు వచ్చినది కూడా ఇటువంటి కనుమదారి వల్లనే.

కనుమ ఎంత నిటారుగా ఉన్నదో చెప్పడానికి ఒక లెక్క ఉన్నది. 100 మీటర్లు ముందుకు సాగేసరికి దారి 6 మీటర్లు పైకి లేస్తే ఆ వాలు 6 శాతం. వినడానికి ఇది చిన్న అంకె. బరువు సంచులు కట్టిన సైకిలు మీద కూర్చుంటే గాని దాని బలం తెలియదు. 3 శాతం వాలును మాట్లాడుకొంటూ ఎక్కవచ్చు. 6 శాతానికి మాటలు తగ్గుతాయి. 10 దాటితే చాలామంది దిగి, సైకిలును నెట్టుకొంటూ నడుస్తారు. అందులో చిన్నతనమేమీ లేదు.

జిద్దా నుండి తాయిఫ్‌కు పోయే దారి ఇందుకు మంచి ఉదాహరణ. తాయిఫ్ సుమారు 1,880 మీటర్ల ఎత్తున ఉన్నది. మక్కా నగరంలోకి ముస్లింలకు మాత్రమే ప్రవేశం కనుక ఇతరులు పక్కదారిని సాగుతారు. ఆపైన కొండ ఎక్కడానికి రెండు దారులున్నవి. ఒకటి అల్ హదా కనుమ. 1960వ దశకంలో నిర్మించిన ఈ రోడ్డు ఇరవై కిలోమీటర్లకు కొంచెం మించిన దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. పాము చుట్టల వంటి మలుపులు దీనిలో పదుల కొలది ఉన్నవి. రెండవది అస్సైల్ అల్ కబీర్ మీదుగా పోయే దారి. అది చుట్టుదారి, కాని వాలు తక్కువ. బరువు లారీలు ఆ దారినే పోతాయి. లారీ డ్రైవరుకు తెలిసిన ఈ రహస్యమే సైకిలు యాత్రికునికీ పనికివస్తుంది: దూరం పెరిగితే వాలు తగ్గుతుంది. అయితే లారీల పక్కన సైకిలు నడపడం మరొక రకమైన కష్టం. కనుక ఎంపిక అంత సులభం కాదు.

అల్ హదా దగ్గర రోడ్డు రాకమునుపు ఒంటెలు నడిచిన పాత రాతిబాట నేటికీ కొంత నిలిచి ఉన్నది. దానిని చూస్తే అది కూడా వంకరలు తిరుగుతూనే ఎక్కుతుంది. ఒంటెకు శాతాలు తెలియవు గాని దాని మోకాళ్ళకు వాలు తెలుసు.

ఇక దిగుడు సంగతి. ఎక్కడమే కష్టం, దిగడం హాయి అని పిల్లలు అనుకొంటారు. పెద్దలలోనూ చాలామంది అట్లాగే అనుకొంటారు. నా దృష్టిలో కనుమదారిలో అసలు ప్రమాదం దిగేటప్పుడే ఉన్నది. మనము కాళ్ళతో కష్టపడి సంపాదించిన ఎత్తు అంతా దిగేటప్పుడు వేగంగా మారుతుంది. ఆ వేగాన్ని బ్రేకులు వేడిగా మారుస్తాయి. రిమ్మును పట్టుకొనే బ్రేకులను విడవకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలుతుంది. ఆ వేడికి ట్యూబులోని గాలి వ్యాకోచించి, ట్యూబు పేలిపోవచ్చు. కనుక అనుభవజ్ఞులు మలుపుకు ముందే వేగం తగ్గిస్తారు. బ్రేకును నొక్కుతూ, వదులుతూ దిగుతారు. నడుమ ఆగి రిమ్మును చల్లారనిస్తారు. తిరుమలలో ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొకటి ఉన్నదని మీరు చూచే ఉంటారు. 1944లో వేసిన మొదటి దారి నేడు దిగే బండ్లకు, 1974లో వేసిన రెండవ దారి ఎక్కే బండ్లకు. ఎదురు బండి లేని మలుపు ఎంత మేలో సైకిలు తొక్కేవారికి బాగా తెలుసు.

సరవాత్‌లో దిగుడుకు మరొక చిక్కు ఉన్నది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. అంటే జిద్దాలో 38 డిగ్రీలున్న రోజున తాయిఫ్‌లో 26 ఉండవచ్చు. కాబట్టి యాత్రికులు చల్లని కొండమీది ఊళ్ళలోనే బస చేస్తారు. ఉదయం అబహా నుండి రిజాల్ అల్మా గ్రామానికి దిగాలనుకొన్న వారిని ఊహించండి. పొద్దున్నే మంచుతెర, చల్లగాలి. సైకిలు తనంతట తానే పరుగెత్తుతుంది. సీసాలో నీరు తాగాలన్న ఆలోచన కూడా రాదు. కిందికి చేరేసరికి మధ్యాహ్నం, మైదానపు ఎండ. అప్పుడు తిరిగి ఎక్కాలి. మామూలుగా కొండ ఎక్కేవారు ఉదయం బలం ఉన్నప్పుడు ఎక్కి, అలసిన తరువాత దిగుతారు. ఇక్కడ క్రమం తలకిందులు. అలసట, ఎండ, ఎక్కుడు మూడూ ఒకే వేళకు కలుస్తాయి. అందుచేత బుద్ధిమంతులు కింద బండిని సిద్ధంగా ఉంచుకొంటారు, లేదా ఆ రాత్రి కిందనే ఆగుతారు. అబహా నుండి తీరం వైపు దిగే ధలా కనుమలో, షఆర్ కనుమలో సొరంగాలు కూడా ఉన్నవి. వెనుక ఎర్రదీపం లేని సైకిలు ఆ చీకటిలో బండివారికి కనబడదు.

మొదటిసారి ఈ కొండలను చూడదలచినవారికి కనుమ దిగకుండా పైపైన సాగే దారిని నేను సూచిస్తాను. తాయిఫ్ నుండి అల్ బాహా, అన్నమాస్, తనూమా మీదుగా అబహా చేరే 15వ నంబరు రహదారి ఇది. పొడవు అయిదువందల కిలోమీటర్లకు మించుతుంది. గట్టు మీద సాగుతుంది కదా అని చదునుగా ఉంటుందనుకోరాదు, చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్ళు వస్తూనే ఉంటాయి. కాని చూడదగినవి ఎన్నో! జూనిపర్ చెట్ల అడవులు, మెట్లమెట్లుగా కట్టిన పొలాలు, రాతి బురుజులు. అసీర్ పాత ఇళ్ళ మట్టిగోడలకు పలకరాళ్ళు చూరువలె వరుసలుగా పొడుచుకొని ఉంటాయి, వానకు మట్టి కరగకుండా. ఆ ఇళ్ళలోపలి గోడలపై స్త్రీలు వేసే రంగుల చిత్రాలను అల్ ఖత్ అల్ అసీరీ అంటారు. 2017లో యునెస్కో దానిని వారసత్వ కళల జాబితాలో చేర్చింది. ఆ గీతలను, చుక్కలను చూస్తే మన ముంగిటి ముగ్గు గుర్తుకు రాక మానదు.

దారిపక్క గుంపులుగా కూర్చొనే బాబూన్ కోతులను కూడా ఇక్కడ తలచుకోవాలి. శ్రీశైలం దారిలో కోతికి అరటిపండు ఇచ్చిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇవి బలమైనవి, కోరలు గలవి. తిండి దొరుకుతుందని ఒకసారి నేర్చితే ప్రతి సైకిలు సంచినీ లాగుతాయి.

కోతులకన్న భయపడవలసినది వాన. ఎక్కడో కొండమీద కురిసిన వాన, ఎండిన వాగులోకి గోడవలె ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దానిని అరబ్బీలో "సైల్" అంటారు. ఇంతకుముందు చెప్పిన అస్సైల్ అల్ కబీర్ అన్న పేరుకు అర్థం "పెద్ద వరద". ఇసుక మెత్తగా ఉన్నదని వాగులో గుడారం వేసే యాత్రికుడు ఆ పేరును చదవలేదన్నమాట.

సరవాత్‌కు ఉత్తరాన, అల్ ఉలాలో సైకిలు పందెం కూడా జరుగుతుంది. 2020లో సౌదీ టూర్ అన్న పేరుతో రియాద్‌లో మొదలైన ఈ పందెం 2022లో అల్ ఉలాకు మారింది. 2024 నుండి దాని పేరే అల్ ఉలా టూర్. అక్కడి హర్రత్ ఉవైరిద్ అనే నల్లని లావా పీఠభూమి మీదికి ఎక్కే దారి పొడవు మూడు కిలోమీటర్లే, వాలు మాత్రం సుమారు 12 శాతం. ప్రపంచప్రసిద్ధులైన పందెగాళ్ళు కూడా ఆ ఎక్కుడు మీద సీటు విడిచి, నిలబడి తొక్కుతారు.

అభ్యాసం: ఒక కనుమదారి పొడవు 20 కిలోమీటర్లు, అది ఎక్కే ఎత్తు 1,200 మీటర్లు. సగటు వాలు ఎంత శాతమో కట్టండి. అదే ఎత్తుకు 40 కిలోమీటర్ల చుట్టుదారి ఉంటే వాలు ఎంత అవుతుంది? మీరైతే ఏ దారిన ఎక్కుతారో, ఏ దారిన దిగుతారో, ఏ వేళకు బయలుదేరుతారో కారణాలతో పది వాక్యాలు వ్రాయండి. కనుమ, వాలు, మలుపు, గట్టు, వాగు అనే మాటలు మీ వాక్యాలలో రావాలి.