ఒకేసారి ధరా, నెలనెలా చందానా?

ప్రశ్న: కిరాణా దుకాణాలకు పనికొచ్చే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేశాను. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒకేసారి డబ్బు తీసుకోవాలా, నెలనెలా చందా పెట్టాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ధర పద్ధతిని తేల్చేది అమ్మిన తర్వాత కూడా తయారీదారుకు మిగిలే ఖర్చు. సర్వర్ అద్దె ప్రతినెలా కట్టాల్సి వస్తే చందా న్యాయమే. కొన్నవారి కంప్యూటర్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఖర్చు లేదు. అయితే బిల్లింగ్‌కు మార్పులు తప్పవు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు పాత రేట్లతో ఉన్న ప్రతి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నూ సవరించాల్సి వచ్చింది. ఒకేసారి తీసుకున్న డబ్బు ఇలాంటి పనికి ఎన్నేళ్లో సరిపోదు.

అందుకే ఇక్కడ మధ్యేమార్గం మేలు. సబ్లైమ్ టెక్స్ట్ అనే ఎడిటర్ 2021 నుంచి ఇలాగే అమ్ముడవుతోంది: వ్యక్తిగత లైసెన్సుకు మూడేళ్ల అప్‌డేట్లు వస్తాయి, గడువు ముగిశాక అప్పటివరకూ వచ్చిన వెర్షన్ ఎప్పటికీ పనిచేస్తుంది. బిల్లింగ్‌కు ఏడాది అప్‌డేట్లతో ఒక ధర, ఆపైన కావాలన్నవారికి తక్కువ ధరకు పునరుద్ధరణ పెట్టవచ్చు. గడువు తీరిందని దుకాణదారు పాత బిల్లులకు మాత్రం తాళం వేయకూడదు. అవి అతని లెక్కలు.

ముందు కొన్ని దుకాణాలకు నెలరోజులు ఉచితంగా ఇచ్చి, చివర్లో డబ్బు అడగాలి. బాగుందన్న మాట కన్నా చెల్లింపే నమ్మదగిన జవాబు. తర్వాత ధర పెంచినా తొలి కొనుగోలుదారులకు ఇచ్చిన షరతులు మార్చకూడదు.

ఏడాది రాబడి 20 లక్షల రూపాయలకు చేరువైనా, విదేశాల నుంచి చెల్లింపులు మొదలైనా చార్టర్డ్ అకౌంటెంట్‌ను నేరుగా కలవాలి. లైసెన్సు ఒప్పందాన్ని అమ్మకానికి ముందే న్యాయవాదికి చూపించాలి.