ఎడతెగని కడుపునొప్పి – కుటుంబ చరిత్ర ఎందుకు అడుగుతారు?



ఇరవై ఏళ్లు నిండని పిల్లవాడికి పై కడుపులో నొప్పి వచ్చి వీపులోకి పాకుతుంది. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడతారు. “చాటుగా తాగుతున్నాడేమో” అని అనుమానిస్తారు. ఇలాంటివారిలో కొందరికి ఉన్నది దీర్ఘకాలిక క్లోమగ్రంథి వాపు.

కారణం ఏమిటి?

క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ అనే జీర్ణరసం పేగులోకి చేరాకే పనిచేయాలి. గ్రంథిలోనే పని మొదలుపెడితే అడ్డుకొనే ప్రోటీన్‌ను స్పింక్-1 అనే జన్యువు తయారుచేయిస్తుంది. ఆ జన్యువులో మార్పు ఉంటే ఈ రక్షణ తగ్గుతుంది. తాగుడు లేకుండానే క్లోమంలో రాళ్లు ఏర్పడిన రోగులలో ఈ మార్పు ఎక్కువగా ఉందని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, తోటి పరిశోధకులు 2002లో ప్రచురించారు. అయితే ఈ మార్పు ఉన్నవారిలో చాలామందికి జబ్బు రాదు.

మీరు చేయవలసినవి:

1. రక్తసంబంధీకులలో ఇలాంటి నొప్పి, చిన్న వయసులో షుగరు, మేనరికం ఉంటే దాచకుండా డాక్టరుగారికి చెప్పండి.
2. విరేచనం జిడ్డుగా అవుతున్నా, బరువు తగ్గుతున్నా చెప్పండి.
3. జన్యు పరీక్ష అందరికీ అవసరం లేదు. డాక్టరుగారు సూచిస్తేనే చేయించండి.
4. మద్యం, పొగ పూర్తిగా మానాలి. ఎంజైమ్ మాత్రలు రాస్తే భోజనంతోపాటే వేయాలి. షుగరు పరీక్ష మానకూడదు.

“నా రక్తం వల్లే బిడ్డకు ఈ జబ్బు” అని తల్లులు వార్డులో ఏడుస్తుంటారు. అమ్మా, జన్యువును ఎవరూ ఎంచి ఇవ్వరు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో ప్రభువు అతనిని గాని, తల్లిదండ్రులను గాని తప్పుపట్టలేదు. కారణం వెదికేది నింద వేయడానికి కాదు, తగిన వైద్యం చేయడానికే.