బరోక్ వాస్తుశిల్పం: పాత భాగాలు, కొత్త కదలిక

పదిహేనో శతాబ్దంలో ఇటలీలో సాంస్కృతిక పునరుజ్జీవనం వికసించింది. ఆనాటి వాస్తుశిల్పులు ప్రాచీన రోమన్ శిథిలాలను కొలిచి చూసి స్తంభం, కమాను, గుమ్మటం కట్టే పాత పద్ధతులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. సరైన కొలతల్లోనే అందం ఉందని వారు నమ్మారు. రోమ్‌లో బ్రమాంటే కట్టిన ‘టెంపియెట్టో’ అనే చిన్న గుండ్రని మందిరం ఇందుకు మంచి ఉదాహరణ. చుట్టూ తిరిగి ఎటునుంచి చూసినా అది ఒకేలా, నిశ్చలంగా కనిపిస్తుంది.

1517లో మార్టిన్ లూథర్ ప్రారంభించిన మత సంస్కరణోద్యమం వల్ల కాథలిక్ చర్చికి ఎంతోమంది దూరమయ్యారు. వారి మనసులను తిరిగి గెలుచుకోవడానికి చర్చి కళను కూడా ఆశ్రయించింది. లోపల అడుగుపెట్టగానే మనిషిని కదిలించే కట్టడాలు కావలసివచ్చాయి. పదహారో శతాబ్దం చివర రోమ్‌లో బరోక్ శైలి అలా రూపుదిద్దుకుంది. పోర్చుగీసులో ‘బరోకో’ అంటే గుండ్రంగా లేని ముత్యం. ఈ శైలికి ఆ మాట నుంచే పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం.

బరోక్ ముఖ్య లక్షణాలు:

1. వృత్తం స్థానంలో అండాకారం.
2. లోపలికీ బయటికీ వంపులు తిరిగే గోడలు.
3. కనపడని కిటికీల నుంచి పడే వెలుగు.
4. కట్టడం, శిల్పం, చిత్రలేఖనం ఒకటిగా కలిసిపోవడం.

1638లో బొరోమిని మొదలుపెట్టిన శాన్ కార్లో చర్చిలో ఇవి చాలావరకు చూడవచ్చు. దాని అండాకారపు గుమ్మటం లోపలి గళ్లు పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతాయి. అందువల్ల గుమ్మటం ఉన్నదానికంటే ఎత్తుగా తోస్తుంది.

రెండు శైలులనూ ఒకేచోట చూడాలంటే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్‌కు వెళ్లాలి. గుమ్మటం రూపకల్పన పునరుజ్జీవన కాలపు మైకెలాంజెలోది. అది 1590లో పూర్తయింది. ముందున్న విశాలమైన ఆవరణ బెర్నినీ 1656–67 మధ్య కట్టించినది. అక్కడ 284 స్తంభాలు నాలుగు వరుసల్లో, తల్లి చేతులు చాచినట్టు వంపుగా నిలిచి ఉంటాయి. నేలమీద గుర్తుపెట్టిన చోట నిలబడి చూస్తే నాలుగు వరుసలూ ఒకే వరుసగా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే మళ్లీ విడిపోతాయి. స్తంభం పాతదే, దాన్ని నిలిపిన తీరే కొత్తది.

ఈ శైలి పోర్చుగీసువారితో మన దేశానికీ వచ్చింది. పాత గోవాలోని బామ్ జీసస్ బసిలికాలో బంగారు పూత పూసిన బలిపీఠం బరోక్ శైలిదే. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ సమాధికి పాలరాతి పీఠం చెక్కించి పంపినది టస్కనీ పాలకుడు మూడో కోసిమో. దాన్ని చెక్కినది ఫ్లోరెన్స్ శిల్పి ఫొగ్గీని. పునరుజ్జీవనానికి పుట్టినిల్లు కూడా ఆ ఫ్లోరెన్స్ నగరమే!