మేక ఒకటా, రెండా?
(ఇంగ్లీషు విశేషణాల మధ్య కామా, 'అండ్')

మీరు ఎల్లారెడ్డిలో ఉన్నారు. కామారెడ్డి నుంచి మీ మామయ్య వ్యానులో ఒక చీటీ పంపాడనుకోండి. అందులో ఇంగ్లీషులో ఇలా ఉంది: "ఐ యామ్ సెండింగ్ ఎ బ్లాక్ అండ్ వైట్ గోట్." వ్యానులో నుంచి మీరు ఎన్ని మేకల్ని దింపుకోవాలి?

ఒక్కటే! దాని ఒంటిమీద నలుపూ తెలుపూ రెండూ ఉంటాయి. చీటీలో "ఎ బ్లాక్ అండ్ ఎ వైట్ గోట్" అని ఉంటే మాత్రం రెండు మేకలు రావాలి. చిన్న 'ఎ' ఒకటి చేరేసరికి మేకల లెక్కే మారిపోయింది. మరి "బ్లాక్ అండ్ వైట్ గోట్స్" అంటే? మచ్చల మేకలా, నల్లవి కొన్ని, తెల్లవి కొన్నా? తేలదు. అలాంటప్పుడు "టూ బ్లాక్ గోట్స్ అండ్ త్రీ వైట్ గోట్స్" అని విడివిడిగా రాయడమే మేలు.

తెలుగులో మనం మాట చివర దీర్ఘం తీసి కలుపుతాం: నలుపూ, తెలుపూ. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. ఆ పని 'అండ్', కామా కలిసి చేస్తాయి. అయితే కామా ఎక్కడ పెట్టాలి? ఇందుకు రెండు పరీక్షలున్నాయి.

మొదటి పరీక్ష: విశేషణాల్ని తారుమారు చేయండి.
రెండో పరీక్ష: వాటి మధ్య 'అండ్' పెట్టి చూడండి.

రెండింటిలోనూ వాక్యం చక్కగా నిలిస్తే కామా పెట్టండి. నిలవకపోతే వద్దు.

"ఎ నారో, డస్టీ రోడ్" తీసుకోండి. "డస్టీ, నారో రోడ్" అనవచ్చు. "నారో అండ్ డస్టీ రోడ్" అనీ అనవచ్చు. ఇరుకుతనం, దుమ్ము రెండూ సమాన హోదాతో రోడ్డును వర్ణిస్తున్నాయి. కనుక మధ్యలో కామా కావాలి.

ఇప్పుడు మంజీరా నదిమీద 1923–1931 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆనకట్టను చూద్దాం. "ఎ బిగ్ స్టోన్ డ్యామ్" అన్నాం. "ఎ స్టోన్ బిగ్ డ్యామ్" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంది కదూ? "బిగ్ అండ్ స్టోన్ డ్యామ్" కూడా పొసగదు. కనుక కామా వద్దు. కారణమేమిటి? 'స్టోన్' అనే మాట 'డ్యామ్'ను అంటిపెట్టుకొని ఉంది. 'బిగ్' ఆ రెండింటినీ కలిపి వర్ణిస్తోంది. తెలుగులోనూ "పెద్ద రాతి ఆనకట్ట" అంటాం గాని "రాతి పెద్ద ఆనకట్ట" అనం. చూశారా, ఈ సూత్రం మీ చెవికి ముందే తెలుసు!

ఇలాంటి విశేషణాలు సాధారణంగా ఒక వరసలో నడుస్తాయి: అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టినచోటు, పదార్థం. అందుకే "బిగ్ ఓల్డ్ స్టోన్ డ్యామ్" అంటారు.

మరో మూడు సంగతులు గుర్తుంచుకోండి. చివరి విశేషణానికీ నామవాచకానికీ మధ్య కామా ఎప్పుడూ రాదు. విశేషణాలు క్రియ తరువాత వస్తే చివరిదానికి ముందు 'అండ్' ఉండాలి: "ది రోడ్ ఈజ్ లాంగ్, నారో అండ్ డస్టీ." ఇక్కడ 'అండ్' ముందు కూడా కామా పెట్టేవారున్నారు. రెండు పద్ధతులూ సరైనవే, కాని ఒక వ్యాసంలో ఒకటే పాటించండి. ఇక రెండు గుణాలు ఎదురెదురుగా ఉంటే 'బట్' వాడాలి: "ఎ స్మాల్ బట్ స్ట్రాంగ్ బుల్."

మీరే చేసి చూడండి. కామా, 'అండ్' ఎక్కడెక్కడ కావాలి?

1. ఎ హాట్ డ్రై డే
2. ఎ స్మాల్ రెడ్ బస్
3. ది జాగరీ ఈజ్ స్వీట్ సాఫ్ట్ ఫ్రెష్

జవాబులు: 1. 'హాట్' తరువాత కామా. 2. ఏమీ అక్కరలేదు. 3. 'స్వీట్' తరువాత కామా, 'ఫ్రెష్' ముందు 'అండ్'.