థియేటర్ టోపీ కుట్టుకునే ముందు

సుజాతా,

ఆపరేషన్ థియేటర్ డ్యూటీ వేశారనీ, టోపీ సొంతంగా కుట్టుకోవాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. ముందు మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడుగు. ఇంట్లో కుట్టినవి కొన్ని ఆసుపత్రుల్లో ఒప్పుకోరు. వద్దంటే వాదించకు, వాళ్లిచ్చిందే పెట్టుకో. సరేనంటే మాత్రం కత్తెర పట్టేముందు రెండు సంగతులు గుర్తుంచుకో: ఆ టోపీని రోజూ వేడినీళ్లలో ఉతకాలి, నీ వెంట్రుక ఒక్కటి కూడా దాన్ని దాటి బయటికి రాకూడదు. మిగతావన్నీ వీటిని బట్టే.

గుడ్డ నూలు పాప్లిన్ తీసుకో. దగ్గర నేతది కావాలి. వాడి పారేసే ఉబ్బు టోపీలే మేలని చాలామంది నమ్మకం. కానీ 2017లో అమెరికన్ సర్జన్ల పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, వాటి గుడ్డలోనే రంధ్రాలు నూలు టోపీల కన్నా పెద్దవని తేల్చింది. కాబట్టి పల్చటి మల్లు పనికిరాదు. ఫ్లానెల్ జోలికి అసలే పోకు. దాని నూగు తెరిచిన గాయంలో పడిందంటే ఒంటికి అది పరాయి వస్తువే. 44 అంగుళాల పన్నా అర మీటరు చాలు. రాత్రంతా నానబెట్టి, వేడినీళ్లలో ఉతికి, ఇస్త్రీ చేశాకే కత్తిరించు. నూలు కుంచించుకుపోయేది ఎక్కువగా మొదటి ఉతుకులోనే.

నీది పొడుగు జుట్టు. తలకి అంటుకుపోయే టోపీలో నీ ముడి ఇమడదు. గుండ్రటి ముక్కకి కుచ్చులు పెట్టి పట్టీ వేసే రకం కుట్టుకో. ముడి వేసుకున్నాకే కొలత తీసుకో. టేపు నుదుటి మీదుగా, చెవుల పైనుంచి, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోటి దాకా రావాలి. 22 అంగుళాలు వస్తే పట్టీ పొడవు 23, వెడల్పు 4 పెట్టు. గుండ్రటి ముక్క అడ్డం 18. దాని అంచు చుట్టూ పెద్ద కుట్టు రెండు వరసలు వేసి దారం లాగితే కుచ్చులు వస్తాయి. నుదుటి దగ్గర తక్కువగా, ముడి వైపు ఎక్కువగా సర్దు. పట్టీ అంచులు అర అంగుళం లోపలికి మడిచి, కుచ్చుల అంచును ఆ రెండు మడతల మధ్య పెట్టి కుట్టు. చొక్కా కాలరులో మాదిరి గుడ్డ అంచు ఎక్కడా బయటికి కనబడకూడదు. కనబడితే అక్కణ్నించి పోగులు రాలుతూనే ఉంటాయి.

ఎలాస్టిక్ వేస్తే పని త్వరగా అయిపోతుంది. నేనైతే వద్దంటాను. వేడి ఉతుకులకి అది సాగిపోతుంది, టోపీ జారుతుంది. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి తలమీదికి పోకూడదు కదా, అప్పుడేం చేస్తావు? పట్టీలోంచి నాడా దూర్చి మెడ వెనక ముడి వెయ్యి. కొసలు వేలాడకుండా లోపలికి దోపుకో. మాస్క్ తగిలించుకోవడానికని చెవుల దగ్గర గుండీలు కుట్టే అలవాటు కరోనా రోజుల్లో వచ్చింది. థియేటర్ టోపీకి అవి వద్దు, ఊడి ఎక్కడ పడతాయో చెప్పలేం.

ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యి. నుదుటి పట్టీ మీద నీ పేరూ, కింద ‘స్టాఫ్ నర్సు’ అనీ గొలుసు కుట్టుతో పెద్ద అక్షరాల్లో కుట్టు. సిడ్నీలో రాబ్ హాకెట్ అనే మత్తు డాక్టరు 2017లో తన టోపీ మీద పేరూ, పనీ రాసుకుని పదిమందికీ ఆ అలవాటు నేర్పాడు. కోత పెట్టే ముందు అందరూ తమ పేరూ పనీ చెప్పుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 చెక్‌లిస్టులోనే ఉంది. అయినా మాస్కుల వెనక మొహాలు తెలియవు. రక్తం ఆగని క్షణంలో ‘ఏయ్, నిన్నే’ అంటే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ‘సుజాతా’ అని పిలిస్తే నువ్వు కదులుతావు.

ఒకటి కుట్టి ఊరుకోకు, రోజుకొకటి ఉండాలి. రక్తం చిమ్మితే వెంటనే మార్చెయ్యి. ఆసుపత్రి లాండ్రీ తీసుకుంటే అక్కడే వేయించు. పట్టీ దగ్గర కుదరకపోతే ఫోన్ చెయ్యి, ఆదివారం మధ్యాహ్నమైతే నేను తీరిగ్గా ఉంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ