బొంగురు గొంతు – ఛాతీ దాకా వెళ్ళొచ్చే నరం

చలి మొదలైతే మన బేరిగైలో గొంతు బొంగురుపోయినవారు లేని ఇల్లు అరుదు. తెల్లవారకముందే రోజాతోటలకు వెళ్ళేవారి సంగతి చెప్పనక్కరలేదు. అతిమధురం ముక్క, అదే ములేఠీ, బుగ్గన పెట్టుకోవడం, షర్బత్ తూత్ సియాహ్ చప్పరించడం మీకు తెలిసినవే. జలుబు బొంగురైతే వారం పదిరోజుల్లో సర్దుకుంటుంది. మూడు వారాలైనా తగ్గకపోతే గొంతును నడిపే నరాన్ని గురించి కూడా ఆలోచించాలి.

ముక్కు లోపలి స్పర్శ మెదడు నుంచి వచ్చే అయిదో నరానిది. గొంతు వెనుకభాగం ముఖ్యంగా తొమ్మిదోదానిది. స్వరపేటిక పదోదాని అధీనంలో ఉంది. దాని ఒక కొమ్మ స్వరపేటిక పైభాగంలో కాపలా కాస్తుంది. నీటిబొట్టు దారితప్పితే దగ్గు తెప్పించేది అదే. రెండో కొమ్మ దారి విచిత్రం. కుడివైపు చేతికి వెళ్ళే ధమనిని, ఎడమవైపు ఛాతీలోకి దిగి గుండె నుంచి వచ్చే మహాధమనిని చుట్టి, మళ్ళీ మెడలోకి ఎక్కుతుంది. స్వరతంత్రులను కదిలించే కండరాల్లో ఒక్కటి తప్ప అన్నీ దీని చేతిలోనివే.

యూనానీ వైద్యులు జాలీనూస్ అని గౌరవంగా తలచుకునే గాలెన్, రెండో శతాబ్దంలోనే ఈ నరాన్ని వర్ణించాడు. అరుస్తున్న జంతువులో దీన్ని బిగించి కడితే పెనుగులాట ఆగలేదు, అరుపు మాత్రం ఆగింది! మెడగడ్డలు కోసేటప్పుడు ఇది తెగి పిల్లల గొంతు పోయిన సంగతీ రాశాడు. థైరాయిడ్ ఆపరేషన్‌లో సర్జన్లు నేటికీ దీన్ని వెతికి కాపాడుతూ పని చేస్తారు.

ఇంత దూరం తిరిగే నరం కనుక ఊపిరితిత్తుల గడ్డ, ఛాతీలో ఉబ్బిన గ్రంథులు, మహాధమని వాపు ఏది నొక్కినా గొంతే ముందుగా బొంగురుపోవచ్చు. గొంతులో నొప్పి ఉండకపోవచ్చు కూడా. బీడీ, సిగరెట్ అలవాటున్నవారికి స్వరపేటికలోనే పుండు ఉండే భయం వేరే ఉంది. ఇలాంటివాటికి నా దగ్గరున్న జోషాందా పనిచేయదు. హోసూరు వెళ్ళి ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి. సన్నటి కెమెరా గొట్టంతో స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మెడలో గడ్డ, రక్తం పడటం, మింగలేకపోవడం, బరువు తగ్గడం ఉంటే మూడు వారాలు ఆగవద్దు. ఊపిరి తీస్తుంటే కూత వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరండి. నీళ్ళు తాగిన ప్రతిసారీ పొలమారుతున్నా చూపించవలసిందే, నీరు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. పెద్దవాళ్ళను పడుకోబెట్టి తాగించకండి. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వండి.

అన్నట్టు, బీ.పీ. ఉన్నవారు ములేఠీని రోజుల తరబడి వాడకూడదు, అది బీ.పీ.ని పెంచుతుంది.